సువార్త చెరిపేసి మళ్లీ సువార్తే రాశారెందుకు?

నైట్‌డ్యూటీ_రేపల్లె:

అందరికీ నమస్కారం. ఇది ఎక్కడ వెయ్యాలో తెలియక "పాత పుస్తకాలు, లిపులు" విభాగంలో వేస్తున్నాను. మోడరేటర్ గారు మార్చాలంటే మార్చండి.

నేను ఇంగ్లండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుని. రాత్రి డ్యూటీ. రెండింటికి మందుల రౌండ్ అయిపోతే, ఎవరైనా బెల్ కొడితే తప్ప నాలుగింటి దాకా పెద్దగా పని ఉండదు. నిద్ర ఆపుకోవడానికి మా వాళ్లు సీరియళ్లు చూస్తారు. నాకు ఈమధ్య పాత చేతిరాత పుస్తకాల పిచ్చి పట్టుకుంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు బోలెడు స్కాన్ చేసి పెట్టారు, ఊరికే చూడొచ్చు.

అందులో కోడెక్స్ జకింథియస్ అని ఒకటి తగిలింది. తోలు ఆకుల పుస్తకం, గ్రీకు. మామూలు ఫొటోలో నల్లటి కలుపురాత వరసగా ఉంది. దాని వెనకాల ఏదో టీ ఒలికినట్టు మరక. అదే పేజీకి ఇంకో రకం ఫొటో నొక్కితే ఆ మరక కాస్తా అక్షరాలైంది! పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు, అచ్చు వేసినట్టు. కాకపోతే పడుకుని ఉన్నాయి. ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరిగిపోతుంది కదా, రెండు మూడుసార్లు తిప్పి, చివరికి ఆటో రొటేట్ ఆపేసి తల వంచి చూశాను. పక్క గదిలో తాతగారు "మెడ పట్టేసిందా సిస్టర్" అని అడిగారు.

అక్కడ రాసింది చదివితే నాకు అర్థమైనంత వరకు: కిందున్నది లూకా సువార్త, చుట్టూ వ్యాఖ్యానంతో. దాన్ని కడిగేసి, తిప్పి, పైన లెక్షనరీ రాశారు. అంటే గుళ్లో చదివే సువార్త పాఠాలు. సువార్త చెరిపి సువార్తే రాశారన్నమాట. నాకది మింగుడు పడలేదు.

మా నాన్న ఉపదేశి. రేపల్లె వైపు ఒక పల్లెలో లూథరన్ గుడి. ఆరో తరగతి నుంచి ఆదివారం పాఠం చదివే పని నాదే. నాన్న బైబిల్లో ఎర్ర పెన్సిల్ గుర్తులుండేవి. పాఠం మొదలయ్యే చోట ఒక కొక్కెం, అయిపోయే చోట ఇంకో కొక్కెం, పక్కన "ఆపు". కొన్నిచోట్ల "దాటు" అని రాసి బాణం గీసేవారు. ఒకసారి లూకా మూడో అధ్యాయంలో ఆ బాణం చూసుకోకుండా వంశావళి మొత్తం, హేలీ దగ్గర్నుంచి ఆదాము దాకా, గుక్క తిప్పుకోకుండా చదివేశాను. గుడంతా ఒకటే నవ్వు. నాన్న నవ్వలేదు. అలాంటి మనిషి ఆ బైబిల్ని మంచం మీద పెట్టినా ఊరుకునేవారు కాదు. అట్టలూడిపోతే గోధుమపిండి జిగురుతో తనే అతికించుకునేవారు. అందుకే అడుగుతున్నా:

వాక్యాన్ని గీకెయ్యడం వాళ్లకి తప్పనిపించలేదా? లెక్షనరీకీ మామూలు సువార్త పుస్తకానికీ తేడా ఏంటి? విడి ఆకు ఒక్కటే దొరికితే అది లెక్షనరీదని ఎలా పోలుస్తారు? నాకు గ్రీకు రాదు, తెలుగులో చెప్పండి.

---

గ్రీకు_మేస్టారు:

అమ్మా, నేను ఒక వేదాంత కళాశాలలో ముప్ఫై ఏళ్లు కొత్త నిబంధన గ్రీకు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి ప్రశ్న నన్ను క్లాసులో ఒక్కరూ అడగలేదు. అందుకని కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ కొక్కేల సంగతి. మీ నాన్నగారు చేసిన పనే బైజాంటియం (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యం) గుళ్లలో వెయ్యేళ్ల కిందట చేశారు. నాలుగు సువార్తలూ వరసగా ఉన్న పుస్తకం తీసుకుని, పాఠం మొదట్లో "ఆర్ఖీ", చివర "తెలోస్" అని, చాలాసార్లు ఎర్ర సిరాతోనే, గుర్తు పెట్టేవారు. మొదలు, ముగింపు అని అర్థం. మధ్యలో కొన్ని వచనాలు వదిలెయ్యాల్సి వస్తే "ఇపెర్వా" అని రాసేవారు. అంటే అచ్చంగా "దాటు". మళ్లీ అందుకోవాల్సిన చోట "ఆర్క్సూ", మొదలుపెట్టు అని. నువ్వు రాసింది చదివి నేను లేచి కూర్చున్నాను. మీ నాన్నగారికి గ్రీకు రాకపోయినా అవసరం ఒకటే కాబట్టి మాట కూడా ఒకటే పుట్టింది.

ఇలా గుర్తులు వెతుక్కునే బాధ లేకుండా, ఏ రోజుది ఆ రోజు విడగొట్టి వరసగా రాసిపెట్టుకున్నదే లెక్షనరీ. మన ఇళ్లల్లో కార్తీక పురాణం రోజుకో అధ్యాయం లెక్కన ఉంటుంది చూడు, పద్ధతి అలాంటిదే. అయితే ఇందులో బైబిల్ వరస ఉండదు, సంవత్సరం వరస ఉంటుంది. మొదటి పేజీ మత్తయి కాదు, యోహాను ఒకటో అధ్యాయం, "ఆదియందు వాక్యముండెను". ఎందుకంటే వాళ్ల లెక్క ఈస్టరుతో మొదలు. పెంతెకొస్తు దాకా యోహాను, ఆ తర్వాత మత్తయి, సెప్టెంబరు మధ్య నుంచి లూకా. మార్కు ఎక్కువగా ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో శని, ఆదివారాలకి. ఇదంతా ఒక భాగం. తేదీలు మారని పండుగలకి రెండో భాగం. అది సెప్టెంబరు 1న మొదలవుతుంది, వాళ్ల సంవత్సరాది అదే కాబట్టి.

విడి ఆకు సంగతి అడిగావు. పాఠం మొదట్లో చూడాలి. బైబిల్లో ఆ చోట లేని మాట ఒకటి అక్కడ తగులుతుంది: "తో కైరో ఎకీనో", ఆ కాలమందు. మధ్యలోంచి కోసిన ముక్కని "అప్పుడాయన వాళ్లతో అన్నాడు" అని మొదలుపెడితే ఆయనెవరు, వాళ్లెవరు? అందుకని "ఆ కాలమందు యేసు తన శిష్యులతో" అని తగిలించి మొదలుపెడతారు. ఆ పైన ఏ వారం, ఏ రోజు అని ఒక చిన్న శీర్షిక. ఈ రెండూ కనిపిస్తే సగం చిరిగిన ఆకైనా ఇట్టే పోల్చుకోవచ్చు. ఒకే ఆకులో లూకా పాఠం, ఆ వెంటనే మత్తయి పాఠం వచ్చినా లెక్షనరీయే. ఇప్పటికి 2,400కి పైగా గ్రీకు లెక్షనరీలకి వరస నంబర్లున్నాయి, చాలావాటికి మిగిలింది కొన్ని ఆకులే. నువ్వు చూసిన పుస్తకానికి రెండు పేర్లు. పైరాత "ఎల్ 299", కిందిరాత "క్సై" అనే అక్షరం, లేదా 040. ఒకే తోలుకి రెండు ఇంటిపేర్లు.

ఇక చెరపడం. నీ బాధ అర్థమైంది కానీ, చెరిపినవాణ్ణి అంత తేలిగ్గా దోషి చెయ్యకు. కిందిరాత 700 ప్రాంతానిదని ఇప్పుడు అంటున్నారు, పాత పండితులు కొందరు 6వ శతాబ్దమన్నారు. పైరాత 12వ శతాబ్దం ప్రాంతం. మధ్యలో దాదాపు 500 ఏళ్లు. నన్నయ గారి కాలపు శాసనం తీసుకొచ్చి నీ ముందు పెడితే గడగడా చదవగలవా? అలాగే ఆ పెద్దక్షరాల రాత వాళ్లకి పాతబడిపోయింది. 9వ శతాబ్దం నుంచి గ్రీకు పుస్తకాలు మెల్లగా చిన్న కలుపురాతలోకి మారాయి. పైగా అది గుళ్లో చదివే పుస్తకం కాదు. మధ్యలో లూకా మూలం, మూడు పక్కలా ఓరిగెన్, కిరిల్లు, సెవేరస్ లాంటి తొలినాటి క్రైస్తవ పండితుల వ్యాఖ్యానం. దీన్ని "కాటెనా" అంటారు, గొలుసు అని. వ్యాఖ్యానంతో ఉన్న కొత్త నిబంధన చేతిరాతల్లో మనకి దొరికిన అన్నిటికన్నా పాతది ఇదే. చెరిపేనాటికి దాన్ని ఎవరు చదువుతున్నారో, అసలు ఎవరైనా చదువుతున్నారో! ఆదివారం పాఠాల పుస్తకం మాత్రం లేకపోతే గడవదు. తోలు చూస్తే గొర్రెదో మేకదో, ఊరికే రాదు.

చట్టం కూడా ఉంది. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన క్రైస్తవ మతపెద్దల సభ తన 68వ నియమంలో లేఖన గ్రంథాలని ఎవరూ చింపకూడదు, కొయ్యకూడదు, అత్తర్లవాళ్లకి అమ్మకూడదు అంది. అత్తర్లవాళ్లెందుకంటే పొట్లాలు కట్టడానికి! అయితే పురుగు కొట్టో, తడిసో పాడైపోయిన వాటికి మినహాయింపు ఇచ్చింది. అంటే ఆ పని జరుగుతూనే ఉందన్నమాట, లేకపోతే నియమం ఎందుకు పెడతారు.

ఇంకొకటి, ఆ అక్షరాలు పడుకుని ఎందుకున్నాయంటే, పాత పుస్తకం పెద్ద సైజు. ఒక్కో ఆకుని మధ్యకి మడిచి రెండాకులు చేశారు. పాతవి 86 పూర్తి ఆకులు, 3 ముక్కలు. కొత్త పుస్తకంలో 176 ఆకులు. మడత పడిన చోట పాత వరసలు కుట్టులోకి వెళ్లిపోయాయి.

---

స్వరపాఠి:

మేస్టారూ, ఒక సందేహం. ఈ లెక్షనరీల బొమ్మలు నేనూ కొన్ని చూశాను. కొన్నింట్లో మాటల పైనా కిందా ఎర్రగా కొంకులు, తోకలు ఉంటాయి. మా వేదపాఠం పుస్తకాల్లో అక్షరం నెత్తిన నిలువు గీత, కింద అడ్డ గీత ఉంటాయి కదా, స్వరానికి. అలాంటివేనా?

---

గ్రీకు_మేస్టారు:

దగ్గరకొచ్చావు నాయనా, కానీ ఒక తేడా. మీ గీతలు ఒక్కో అక్షరానికి. వీళ్ల గుర్తులు ఒక్కో పదబంధానికి, మొదట ఒకటి, చివర ఒకటి. ఈ ముక్కని ఎలా ఎత్తుకోవాలి, ఎలా దించాలి అని చెప్పడానికి. పాటా కాదు, మామూలు చదువూ కాదు, రాగం తీసి చదవడం. 14వ శతాబ్దం దాటాక వాడుక తప్పింది. మీకు గురుముఖతః వచ్చింది కాబట్టి గీతలకి ప్రాణం ఉంది. వీటిని నోటితో నేర్పే గురువుల వరస తెగిపోయింది. అందుకే గుర్తులున్నా, అసలు స్వరం ఎలా ఉండేదో ఎవరూ ఖాయంగా పాడి చూపించలేరు.

---

తాటాకు_పెట్టె:

నాది తాళపత్రాల మరమ్మతు పని. చెరపడం గురించి నా వైపు నుంచి ఒక మాట. మన తాటాకు మీద ఈ వేషాలు కుదరవు. గంటంతో గీశాక అక్షరం గాటు అయిపోతుంది, మసి పూస్తే ఆ గాటులో నల్లగా నిలుస్తుంది. గీకితే ఆకే పోతుంది. అందుకని మనవాళ్లు పాతబడితే కొత్త ఆకు మీద ఎత్తిరాసి, పాతది ఏట్లో కలిపేవారు. మన దగ్గర పాతది పూర్తిగా పోతుంది, వాళ్ల దగ్గర కొత్తదాని కింద బతికిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు ఆ గీకినవాడి మీద కాస్త అసూయగా ఉంది.

తోలు మీద సిరా కథ వేరు. ఆ సిరాలో ఇనుము ఉంటుంది, కడిగినా తోల్లోకి దిగిన జాడ పోదు. అతినీల కాంతి వేస్తే తోలు మెరుస్తుంది, సిరా దిగిన చోట మెరవదు. అమ్మాయి చూసిన రెండో రకం ఫొటో అలా వచ్చిందే. ఒక్కో పేజీని రకరకాల రంగుల కాంతిలో విడివిడిగా ఫొటోలు తీసి, కంప్యూటర్లో కలిపి, కిందిరాతకి వేరే రంగు ఇస్తారు. 2018లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు కేంబ్రిడ్జ్‌తో కలిసి ఈ పుస్తకం మొత్తానికి చేశారు. అంతకుముందు 1861లో ట్రెగెలెస్ అనే ఆయన ఇవేవీ లేకుండా కళ్లతో చదివి అందులో మిగిలిన లూకా మూలం అచ్చు వేయించాడు. వ్యాఖ్యానం జోలికి మాత్రం పోలేదు. ఆ పేజీలు పెద్దవి చేసి చూడండి, ఆయనకి దణ్ణం పెడతారు.

---

పెనుగంచిప్రోలు_బాబు:

దీన్ని 2014లో కేంబ్రిడ్జ్ వాళ్లు 11 లక్షల పౌండ్లు పెట్టి కొన్నారట కదా. మా ఊరి గుళ్లో మైకు పాడై ఏడాది అయింది. ఊరికే చెప్తున్నా.

---

కొచ్చి_తెలుగోడు:

బాబూ, మైకుకి చందా లింకు పెట్టు, మేమూ వేస్తాం.

నేను చెప్పాలనుకున్నది ఈ పుస్తకం ఇంగ్లండ్‌కి ఎలా చేరిందో. 1820లో జకింథోస్ దీవిలో, అప్పట్లో అది బ్రిటిష్ వాళ్ల కనుసన్నల్లో ఉండేది, కోమూటోస్ అనే పెద్దమనిషి దీన్ని కోలిన్ మెకాలే అనే జనరల్‌కి కానుకగా ఇచ్చాడు. ఆయన మరుసటేడు, 1821లో, బైబిల్ సొసైటీకి ఇచ్చేశాడు. పుస్తకానికి ఆ దీవి పేరే నిలిచింది.

మెకాలే అనగానే అందరికీ ఇంగ్లీషు చదువుల మెకాలే గుర్తొస్తాడు. ఆ మెకాలేకి ఈయన స్వయానా పెదనాన్న. మన వైపు ఈయనకి పెద్ద చరిత్రే ఉంది. కుర్రతనంలో మద్రాసు సైన్యంలో ఉండి, శ్రీరంగపట్నం చెరలో ఏళ్ల తరబడి మగ్గాడు. తర్వాత 1800 నుంచి 1810 దాకా తిరువాన్కూరులో కంపెనీ రెసిడెంటు, అంటే రాజు దగ్గర కంపెనీ ప్రతినిధి. ఇక్కడ ఆయన పేరెత్తితే ఇప్పటికీ జనం మొహం చిట్లిస్తారు, ఎందుకంటే తిరువాన్కూరు దివాను వేలుతంపి దళవా తిరగబడింది ఈయన మీదే. 1808 డిసెంబరులో కొచ్చిలో ఆయన బంగళా మీద రాత్రిపూట దాడి జరిగితే ప్రాణాలతో తప్పించుకుని ఓడెక్కాడు.

ఇంకో తమాషా. 1806లో బుకానన్ అనే పాద్రీ కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర్నుంచి ఒక పాత సిరియాక్ బైబిల్ పట్టుకెళ్లాడు. ఆయనకి ఇక్కడ అండగా నిలిచింది ఈ రెసిడెంటు గారే. ఆ బైబిల్ కూడా ఇప్పుడు అదే కేంబ్రిడ్జ్ లైబ్రరీలో ఉంది. ఒకే మనిషి చెయ్యి పడిన రెండు పుస్తకాలు ఒకే కప్పు కింద చేరాయి. కానుకగా ఇచ్చారా, ఇవ్వక తప్పలేదా అన్నది రెండింటి విషయంలోనూ నాకు గుచ్చుకునే ప్రశ్నే.

---

నైట్‌డ్యూటీ_రేపల్లె:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న డ్యూటీలో మేస్టారి జవాబు మూడుసార్లు చదివాను. "ఇపెర్వా" దగ్గర ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు.

మేస్టారూ, ఇంకొక్కటి అడుగుతా, విసుక్కోకండి. కిందిరాతలో లూకా మొత్తం ఉందా? మా పాఠాలు కొన్ని అందులో వెతుక్కుందామని.

---

గ్రీకు_మేస్టారు:

మొత్తం లేదమ్మా. 1:1 నుంచి 11:33 దాకా, అదీ మధ్యమధ్య గండ్లతో. 12వ అధ్యాయం నుంచి ఒక్క ఆకూ దొరకలేదు. క్రిస్మస్ పాఠం ఉంది, 2:19 దాకా. మరియ ఆ మాటలన్నీ హృదయంలో తలపోసుకుంటూ ఉండే వచనంతో ఆగిపోతుంది. గొర్రెల కాపరులు తిరిగి వెళ్లే 20వ వచనం లేదు, మళ్లీ 21 ఉంది. మంచి సమరయుడు ఉన్నాడు. పరలోక ప్రార్థన ఉంది. మార్త మరియల కథ 10:40 దాకా, అంటే మార్త వచ్చి చాడీ చెప్పే దాకా ఉంది. ప్రభువు చెప్పిన జవాబు పోయింది. ఈ కథకి గ్రీకు గుళ్లో ఒక విశేషం. మరియమాత పండుగలకి దీన్ని చదివి, 10:42 దగ్గర ఆపి, ఒక్క దూకు దూకి 11:27, 28 కలిపి ముగిస్తారు. నీ భాషలో "దాటు".

ఇక నీ వంశావళి సంగతి నేనే చూశాను. కిందిరాతలో 3:20 తర్వాత దొరికేది 4:1. హేలీ నుంచి ఆదాము దాకా అంతా పోయిన ఆకుల్లోనే ఉంది.

---

నైట్‌డ్యూటీ_రేపల్లె:

అయ్యో! నవ్వాపుకోలేక కారిడార్లోకి వచ్చేశాను.

పొద్దున అన్నయ్యకి మెసేజ్ పెడితే నాన్న బైబిల్ బీరువాలోంచి తీసి లూకా మూడో అధ్యాయం ఫొటో పంపాడు. పేజీ అంచు ఎలకలు కొట్టేశాయి. మిగతా గుర్తులన్నీ పెన్సిల్‌తో సన్నగా ఉన్నాయి. 23వ వచనం పక్కన "దాటు" మాత్రం ఎర్ర బాల్‌పెన్నుతో, పాత పెన్సిల్ రాత మీదే, రెండుసార్లు దిద్ది ఉంది. బాణం కింద గీత కూడా. అది నేను చదివిన ఆదివారం తర్వాత దిద్దిందే అయ్యుండాలి.

నాలుగింటి రౌండ్ టైమైంది. ఉంటాను.